టైరు పక్కన ఏం రాసి ఉందో చదివి కొనండి

సంపాదకులకు,

అయ్యా,

ఎండాకాలం వచ్చిందంటే జిల్లా పేజీల్లో ‘టైరు పేలి అదుపు తప్పిన బైకు’ అన్న వార్త తరచూ కనిపిస్తుంది. చదివేవాళ్లకు అది పిడుగుపాటులా, ఎవరి చేతుల్లోనూ లేని సంగతిలా అనిపిస్తుంది. టైర్ల పనిలో ఉన్న మాకు అలా అనిపించదు. మోటారు సైకిలు టైరు ఊరికే పేలదు. గాలి తక్కువై, బరువు ఎక్కువై, రబ్బరు పాతదై, లోపల ట్యూబు మడత పడి, ఎన్నో రోజుల పాటు లోలోపల దెబ్బతిని, ఆఖరికి ఒకరోజు హైవే మీద పేలుతుంది. ఆ లోపాల్లో సగం టైరు కొన్న రోజున, మిగతా సగం దాన్ని ఎక్కించిన రోజున మొదలైనవే. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అరకు, లంబసింగి, మారేడుమిల్లి, శ్రీశైలం దారుల్లో సామాన్లు కట్టిన బరువైన బళ్లు బారులు తీరతాయి. ఆ ప్రయాణాల కోసం టైర్లు మార్చుకునేవారికి పనికొస్తుందని ఈ ఉత్తరం రాస్తున్నాం. కాస్త పొడుగైనా ప్రచురించగలరు.

దుకాణానికి వచ్చేవారు మామూలుగా అడిగేవి మూడు: ఇంతకంటే లావు టైరు ఉందా, ఎన్ని వేల కిలోమీటర్లు వస్తుంది, చివరికి ఎంతకిస్తారు. ఈ మూడింటికీ వచ్చే జవాబుల్లో మీ ప్రాణాన్ని కాపాడేది ఒక్కటీ లేదు. కావలసిన జవాబులన్నీ టైరు పక్క గోడ మీద పోతపోసి ఉంటాయి. వాటిని చదవడానికి చదువు అక్కర్లేదు, రెండు నిమిషాల ఓపిక చాలు.

ఉదాహరణకు 2021లో వచ్చిన కొత్త రకం రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350నే తీసుకుందాం. మన దగ్గర దూరప్రయాణాలకు ఎక్కువగా వాడే బళ్లలో అదొకటి. పుల్లల చక్రాలున్న ఆ బండి వెనక టైరు మీద 120/80-18, ఆ పక్కనే 62పి అని ఉంటుంది. 120 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 80 అంటే ఆ వెడల్పులో నూటికి 80 వంతులు టైరు పక్క గోడ ఎత్తు, అంటే 96 మిల్లీమీటర్లు. 18 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. ఇంతవరకు చాలామందికి తెలుసు. ఆ తర్వాత ఉన్న 62ను మాత్రం ఎవరూ చూడరు, నిజానికి దూరం వెళ్లేవారు ముందు చూడాల్సింది అదే. అది బరువు సంఖ్య. 62 అంటే ఆ టైరు గరిష్ఠంగా 265 కిలోలు మోయగలదని. ఇదే పద్ధతిలో 57 అంటే 230 కిలోలు, 61 అంటే 257, 63 అంటే 272, 66 అంటే 300.

ఇప్పుడు లెక్క వేయండి. పెట్రోలుతో కలిపి క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. నడిపేవారు 80, వెనక కూర్చున్నవారు 65, రెండు పక్క సంచులూ వెనక కట్టిన బ్యాగూ కలిపి 25 అనుకుందాం. మొత్తం 365 కిలోలు. మనిషి, సామాను వెనక్కి ఎక్కినప్పుడు మొత్తం బరువులో దాదాపు మూడింట రెండు వంతులు వెనక చక్రం మీదే పడుతుంది. అంటే 243 కిలోలు. టైరు మోయగలిగేది 265. మిగిలిన వెసులుబాటు 22 కిలోలు. సామాన్ల స్టాండు, లెగ్ గార్డు, బ్యాక్ రెస్టు బిగించి, ఒక నీళ్ల క్యాను, ఒక పెట్రోలు డబ్బా కట్టారంటే ఆ 22 ఎక్కడికి పోయిందో తెలియదు. ఇదే రిమ్ముకి పాత క్లాసిక్‌కి వచ్చే 110/90-18 టైరు కూడా ఎక్కుతుంది. స్టాకు లేదనో, ధర తక్కువనో దాన్ని వేయించుకునేవారున్నారు. అది 61 అయితే మోసేది 257 కిలోలే, వెసులుబాటు 14కి పడిపోతుంది. పైగా ఈ బరువులన్నీ గాలి సరిగ్గా ఉన్నప్పటి మాట. గాలి తగ్గేకొద్దీ మోయగలిగే బరువూ తగ్గుతుంది. అందువల్ల కంపెనీ ఇచ్చిన సంఖ్యకు సమానమైనదో, అంతకు పైదో కొనండి. కిందిది ఎంత చవకైనా ముట్టుకోకండి.

సంఖ్య పక్కనున్న అక్షరం వేగానిది. ఎల్ అంటే గంటకు 120 కిలోమీటర్లు, పి అంటే 150, ఎస్ 180, హెచ్ 210, వి 240. క్లాసిక్, మీటియోర్ లాంటి 350 సీసీ బళ్లకు పి సరిపోతుంది. ఇంటర్‌సెప్టర్ 650 లాంటి బండికి హెచ్ ఉన్న చోట పి వేస్తే టైరు ఎక్కుతుంది, తిరుగుతుంది, చూడ్డానికి తేడా కూడా తెలియదు. కానీ నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఖాళీ రోడ్డు మీద అదే పనిగా నూరు దాటి పోతున్నప్పుడు పుట్టే వేడిని తట్టుకునే నిర్మాణం దాని లోపల ఉండదు. ‘నేనెప్పుడూ 150 వెళ్లను కదా’ అనకండి. ఆ అక్షరం వేగంతో పాటు ఆ వేగంలో పుట్టే వేడిని తట్టుకునే శక్తిని కూడా చెబుతుంది. బరువు ఎక్కువైనా, గాలి తక్కువైనా పుట్టేది ఆ వేడే.

లావు టైరు పిచ్చి గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. బండి వెనక నుంచి చూస్తే బలంగా కనిపించాలని ఒక సైజు, రెండు సైజులు పెంచి వేయించుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. రిమ్ము వెడల్పు మారదు కదా. వెడల్పు టైరును ఇరుకు రిమ్ములో కూర్చోబెడితే పక్క గోడలు లోపలికి గుంజుకుపోయి పైభాగం గుండ్రంగా ఉబ్బుతుంది. నేలకు ఆనేది నడిమి భాగమే. లావు టైరు వేసి కూడా నేల పట్టు పెరగదు, నడుమ త్వరగా అరుగుతుంది, మలుపుల్లో బండి బద్ధకంగా వంగుతుంది. ఇక ఎత్తు సంగతి. మీటియోర్ 350 వెనక టైరు 140/70-17. రిమ్ము 17 అంగుళాలంటే 431.8 మిల్లీమీటర్లు, దానికి పైనా కిందా 98 చొప్పున కలిపితే టైరు మొత్తం ఎత్తు 627.8. దాని బదులు 140/80-17 వేస్తే 655.8. అంటే చక్రం 28 మిల్లీమీటర్లు పెరిగింది, ఇరుసు దగ్గర బండి 14 మిల్లీమీటర్లు లేచింది. ఖాళీ బండి మీద అంతా బాగానే ఉంటుంది. ఇద్దరెక్కి, సామాను కట్టి, ఘాట్ రోడ్డు గుంతలో దిగినప్పుడు సస్పెన్షన్ పూర్తిగా కిందికి అణిగి టైరు మడ్‌గార్డు లోపలికి తగులుతుంది. వెడల్పు పెరిగితే చైను పక్కన, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ పక్కన రాపిడి. బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా ముందు వెనక చక్రాల వేగాల్ని పోల్చి చూసుకునే ఏబీఎస్ కూడా కంపెనీ ఇచ్చిన కొలతల మీదే నమ్మకం పెట్టుకుని పనిచేస్తుంది. మార్చాలనిపిస్తే ఈ కూడిక, గుణకారం కాగితం మీద వేసి చూసుకోండి. అసలు ఎత్తుకూ కొత్త ఎత్తుకూ తేడా 10 మిల్లీమీటర్ల లోపు ఉండి, బరువు సంఖ్య తగ్గకుండా, ఆ వెడల్పు మీ రిమ్ముకు తగునని టైరు కంపెనీ పట్టికలో ఉంటేనే ఆలోచించండి. మా మాట అడిగితే, దూరప్రయాణాల బండికి కంపెనీ సైజును మించింది లేదు.

తయారీ తేదీ చూడకుండా డబ్బు ఇవ్వకండి. టైరుకి ఒక పక్కనే, చిన్న కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు ఉంటాయి. 3224 అని ఉంటే 2024లో 32వ వారం, అంటే ఆగస్టు మొదట్లో తయారైందని అర్థం. టైరు చుట్టూ కాగితం పట్టీ చుట్టి ఉంటే ఆ గడి కనబడకపోవచ్చు, విప్పించి చూడండి. ఏడాది లోపుది దొరికితే మంచిది. రెండేళ్లు దాటినది, అదీ దుకాణం ముందు ఎండలో వేలాడదీసి ఉంచినది అయితే తగ్గింపు ఇచ్చినా వద్దు. వాడినా వాడకపోయినా రబ్బరు గట్టిపడుతుంది. గోటితో నొక్కితే దిగదు, వేళ్లతో పక్క గోడను వంచి చూస్తే వెంట్రుకలంత సన్నటి పగుళ్లు కనబడతాయి. గీతలు నిండుగా ఉన్నా ఐదారేళ్లు నిండిన టైరు మీద వానలో ఘాట్ దిగడం ప్రమాదం. ఏడాదికి రెండు మూడు వేల కిలోమీటర్లు మాత్రమే తిరిగే బళ్లకు ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది ఇదే. టైరు అరగదు కాబట్టి మార్చాలని ఎవరికీ తోచదు.

ఐఎస్ఐ గుర్తు, దాని దగ్గర ఐఎస్ 15627 అన్న అంకె ఉన్నాయో లేదో చూడండి. మన దేశంలో అమ్మే ద్విచక్ర వాహనాల టైర్లకు అది తప్పనిసరి. రోడ్డు పక్కన సగం ధరకు దొరికే ‘కొత్త’ టైర్లలో అరిగిపోయిన వాటికి వేడి బ్లేడుతో మళ్లీ గీతలు కోసినవి ఉంటాయి. వాటిని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. అసలైన కొత్త టైరు మీద అచ్చు నుంచి వచ్చిన సన్నటి రబ్బరు వెంట్రుకలు నిలబడి ఉంటాయి. గీతల అడుగున అక్కడక్కడా అడ్డంగా, టైరు ఎంత అరిగిందో చూపే చిన్న దిమ్మెలు ఉంటాయి, ఆ దిమ్మెలకు నేరుగా పక్క గోడ అంచున టీడబ్ల్యూఐ అని గానీ చిన్న త్రికోణం గానీ ఉంటుంది. గీత కోసిన టైరులో ఆ దిమ్మెలు తెగిపోయి ఉంటాయి, గీత అంచులు గరుకుగా, లోతు ఒకచోట ఒకలా ఉంటుంది. వేలు పెట్టి తడిమితే తెలిసిపోతుంది. అలా కోసిన చోట కింద మిగిలిన రబ్బరు పొర కాగితమంత. దాని కిందే దారపు పొరలు.

సైజు మధ్యలో అడ్డగీత ఉంటే అది మామూలు రకం, దారపు పొరలు ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా వేసినది. ఆర్ అనే అక్షరం ఉంటే రేడియల్, పొరలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు నేరుగా వేసినది. డొమినార్ 400కి వచ్చే 110/70 ఆర్ 17, 150/60 ఆర్ 17 రేడియల్ టైర్లే. మామూలు రకంలో పొరలు ఒకదానికొకటి రాసుకుని వేడి ఎక్కువ పుడుతుంది, కానీ పక్క గోడ దృఢంగా ఉండి బరువులకు, గుంతలకు ఓర్చుకుంటుంది. గంటకు 80, 90లో పోయే 350 సీసీ బండికి అది చాలు. రేడియల్‌తో వచ్చిన బండికి డబ్బు మిగులుతుందని మామూలు రకం వేయకండి. ముందు ఒక రకం, వెనక ఒక రకం మీ ఇష్టానికి కలపకండి. కంపెనీయే అలా ఇచ్చిన బళ్లు ఉన్నాయి, వాటిని అలాగే ఉంచండి.

ఇక గీతల తీరు. హిమాలయన్, అడ్వెంచర్ బళ్లున్న కుర్రాళ్లు ముందుగా అడిగేది బటన్ టైర్లు. పెద్ద పెద్ద గుబ్బలు, మధ్యలో వెడల్పాటి సందులు. ఫొటోల్లో బాగుంటాయి, బురదలో, ఇసుకలో నిజంగా పనికొస్తాయి కూడా. మరి మీ ప్రయాణం ఎక్కడ? హైదరాబాద్ నుంచి అరకు వెళ్లి వచ్చేవారు తొక్కేదంతా తారు, సిమెంటు రోడ్డే. చివర్లో జలపాతం దగ్గరి నాలుగు కిలోమీటర్ల మట్టిదారి కోసం మిగతా దూరమంతా గుబ్బల మీద ఊగుతూ, రొద వింటూ పోవడం ఎందుకు? తారు మీద ఆ గుబ్బలు అటూ ఇటూ కదులుతాయి, ఆ కదలికకి వేడెక్కి, అంచులు మెట్లు మెట్లుగా అరుగుతాయి. నేలకు తగిలే రబ్బరు తక్కువ కనుక తడి తారు మీద బ్రేకు వేస్తే బండి ఎక్కువ దూరం పోయి ఆగుతుంది. తారు ఎనభై, మట్టి ఇరవై అనుకుని తయారుచేసిన టైర్లు ఇదే సైజుల్లో దొరుకుతున్నాయి, హిమాలయన్ 411 సైజులైన 90/90-21, 120/90-17లో కూడా. లద్దాఖ్ వెళ్లేవారికి సైతం చాలావరకు ఇవి సరిపోతాయి. వర్షాకాలంలో రంపచోడవరం నుంచి మారేడుమిల్లి మీదుగా చింతూరు వైపు, అనంతగిరి నుంచి అరకు వైపు వెళ్లే దారుల్లో చెట్ల నీడన రోడ్డు రోజుల తరబడి ఆరదు, నాచు పడుతుంది. అక్కడ కావలసింది నీటిని పక్కకు తోసే లోతైన, సన్నటి గీతలు, మెత్తటి రబ్బరు.

రబ్బరు మెత్తదనం, గట్టిదనం విషయంలో ఎన్ని వేల కిలోమీటర్లు వస్తుందన్న ప్రశ్న ఒక్కటే పెట్టుకుంటే నష్టపోతారు. చాలా ఎక్కువ దూరం వచ్చే టైరు అంటే గట్టి రబ్బరు. వానలో జారుతుంది. పోటీ బళ్ల కోసం చేసిన మెత్తటి టైరు తడిలో గట్టిగా పట్టుకుంటుంది, కానీ మే నెల ఎండలో 44వ నంబరు హైవే మీద కర్నూలు, అనంతపురం దాటేసరికి నడుమ చదునవుతుంది. నడుమ గట్టి రబ్బరు, రెండు భుజాల మీద మెత్తటి రబ్బరు పోసిన టైర్లు వస్తున్నాయి. కొంత ధర ఎక్కువైనా దూరం తిరిగేవాళ్లకు మేం చెప్పేది అవే. నడుమ చదునైన టైరును పక్క నుంచి చూస్తే తెలియదు, వెనక నిలబడి చూడాలి. గుండ్రంగా ఉండాల్సిన చోట పీట వేసినట్టు ఉంటుంది. అలాంటి టైరుతో మలుపు తిరిగితే బండి ముందు వంగనంటుంది, ఆ పీట అంచు దాటగానే ఒక్కసారిగా పక్కకు పడిపోతుంది. ఘాట్ రోడ్డు మీద ఈ గుణం చాలా చెడ్డది. టీడబ్ల్యూఐ దిమ్మె ఇంకా తేలకపోయినా ఆ టైరు మార్చాల్సిందే.

సాధారణంగా వెనక టైరు రెండు మారేసరికి ముందు టైరు ఒకటి మారుతుంది. అందుకని ముందుదాన్ని నిర్లక్ష్యం చేస్తారు. బ్రేకు వేసినప్పుడు బండిని ఆపేది ముందు చక్రమే, వానలో నీటిని మొదట చీల్చేదీ అదే. ముందు టైరు సగానికి పైగా అరిగి, వెనకది పూర్తిగా అరిగి ఉంటే, పెద్ద ప్రయాణానికి ముందు రెండూ ఒకే కంపెనీ జతగా వేయించండి. ముందు టైరును చేత్తో ఒక వైపుకు నిమిరితే నున్నగా, ఎదురు వైపుకు నిమిరితే గరుకుగా గుంటలు గుంటలుగా తగులుతోందంటే గాలి తక్కువతో తిరిగిందనో, ఫోర్కులోనో స్టీరింగు బేరింగుల్లోనో లూజు ఉందనో అర్థం. అది సరిచేయకుండా కొత్త టైరు వేస్తే కొత్తదీ అలాగే అరుగుతుంది.

ట్యూబు సంగతి వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే పేలుళ్లలో ఎక్కువ భాగం ఇక్కడివే. ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగితే గాలి మెల్లగా పోతుంది, పక్కకు తీసి ఆపే వ్యవధి ఉంటుంది. ట్యూబు చిరిగితే గాలి పుల్లల రంధ్రాల నుంచి, వాల్వు రంధ్రం నుంచి క్షణాల్లో వెళ్లిపోతుంది. కొత్త టైరుకి పాత ట్యూబు పెట్టకండి. వేల కిలోమీటర్లు తిరిగిన ట్యూబు సాగి పెద్దదై ఉంటుంది. కొత్త టైరులో అది పూర్తిగా పరుచుకోలేక ఒకచోట మడత పడుతుంది. ఆ మడత నిమిషానికి వందల సార్లు రాసుకుని, కాలి, ఒకరోజు గీత గీసినట్టు చీలుతుంది. విప్పి చూస్తే చీలిక ఎప్పుడూ నిలువుగా, నిటారుగా ఉంటుంది. అది మేకు పని కాదు. చిన్న సైజు ట్యూబు పెట్టి గాలితో సాగదీయడం దీనికి ఎదురు తప్పు, పలచబడి వాల్వు మొదట్లో ఊడుతుంది. ట్యూబు మీద ఏ సైజు టైర్లకో రాసి ఉంటుంది, మీ సైజు అందులో ఉండాలి. రిమ్ము లోపల పుల్లల నిపుల్స్ (పుల్లల్ని బిగించే నట్లు) మీద చుట్టే రబ్బరు పట్టీ చిరిగినా, పక్కకు జరిగినా కొత్తది వేయించండి. దాని ఖరీదు టీ డబ్బులకు కాస్త ఎక్కువ, అది లేక నిపుల్ తల గుచ్చుకుంటే పోయేది ట్యూబొకటే కాదు.

ట్యూబు పెట్టే ముందు దాని మీద, టైరు లోపల పౌడరు చల్లాలి. ట్యూబులో కొద్దిగా, ఆకారం నిలబడేంత గాలి పట్టి పెడితే మడత పడదు. టైరు అంచును రిమ్ములోకి దించడం వాల్వుకు ఎదురుగా మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి. చివరి జానెడు లివరుతో (టైరు ఎక్కించే ఇనుప కడ్డీతో) ఎత్తేటప్పుడు వాల్వును పైకి ఒత్తి పట్టుకోవాలి, లేకపోతే లివరు మొన కింద ట్యూబు నలుగుతుంది. ఆ నలిగిన చోట వెంటనే పంక్చరు కాదు, వారం తర్వాత అవుతుంది. వాల్వు కాడ మీద ఉండే సన్నటి నట్టును రిమ్ముకు ఆనించి బిగించవద్దు, పైకి మూత దాకా తిప్పి వదిలేయండి. గాలి తక్కువై టైరు రిమ్ము మీద జరిగితే వాల్వు ఓ పక్కకు వాలుతుంది. నట్టు వదులుగా ఉంటే ఆ వాలడం కంటికి కనబడి ముందే హెచ్చరిస్తుంది. బిగించి ఉంటే కనబడకుండా మొదట్లో తెగుతుంది. రోజూ బండి తీసేటప్పుడు వాల్వు వైపు ఒక చూపు చూడండి, నిటారుగా ఉండాలి.

పుల్లల రిమ్ముకు ట్యూబు లేకుండా ట్యూబ్‌లెస్ టైరు, లేదా అల్లాయ్ చక్రానికి ట్యూబు టైరును ట్యూబు లేకుండా ఎక్కించే ప్రయోగాలు చేయకండి. రిమ్ము వంగి గాలి నిలవడం లేదని అల్లాయ్ చక్రంలో ట్యూబు వేసి పంపేవారున్నారు. ఊళ్లో తిరగడానికి అది సర్దుబాటు. హైవే ప్రయాణానికి రిమ్మే సరిచేయించాలి. ట్యూబ్‌లెస్ పంక్చరుకు బయటి నుంచి గుచ్చే స్ట్రిప్ దారిలో ఊరు చేరడానికే. ఊరు చేరాక టైరు విప్పించి లోపలి నుంచి మష్రూమ్ ప్యాచ్ (పుట్టగొడుగు ఆకారపు రబ్బరు అతుకు) వేయించండి. పక్క గోడకు రంధ్రం పడితే దేనితోనూ అతికించకండి, టైరు మార్చండి.

ఎక్కించేటప్పుడు అంచుకు సబ్బు నీళ్లు రాయాలి. గ్రీజు, ఇంజిన్ ఆయిల్ రాస్తే రబ్బరు ఉబ్బుతుంది, టైరు రిమ్ము మీద జారుతుంది. బాణం గుర్తు చక్రం తిరిగే వైపు చూపాలి. టైరు మీద రంగు చుక్క ఉంటే అది తేలిక వైపు, వాల్వు దగ్గరికి రావాలి. గాలి పట్టాక రిమ్ము అంచు పక్కనే టైరు మీద చుట్టూ ఉండే సన్నటి గీతను చూడండి. అన్ని వైపులా రిమ్ము నుంచి ఒకే దూరంలో ఉంటే టైరు సరిగ్గా కూర్చుంది. ఒకచోట లోపలికి పోయి ఉంటే గాలి తీసి, సబ్బు నీళ్లు రాసి మళ్లీ పట్టించండి. ఆ తర్వాత రిమ్ము అవుట్ కొడుతోందేమో, అంటే వంకరగా తిరుగుతోందేమో తిప్పి చూసి, రెండు చక్రాలకూ బ్యాలెన్సింగ్ చేయించండి. కార్లకే కదా అంటారు. గంటకు 80 దాటాక హ్యాండిల్ వణకడం మొదలయ్యే బళ్లలో చాలావాటికి కారణం అది చేయించకపోవడమే. చక్రం చేతికి వచ్చినప్పుడే బేరింగులో వేలు పెట్టి తిప్పండి, గరుకుగా తిరిగితే మార్చండి. వెనక చక్రంలోని డంపర్ రబ్బర్లు, బ్రేకు ప్యాడ్లు కూడా అప్పుడే చూడాలి. బిగించాక చైను వదులు, రెండు వైపుల గుర్తులు సమానంగా ఉన్నాయో లేదో సరిచూడండి.

ఎండాకాలం గాలి తగ్గించి పట్టాలన్న మాట ఊరూరా వినిపిస్తుంది. వేడికి గాలి వ్యాకోచించి టైరు పేలుతుందని భయం. జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం. తెల్లవారుజామున 25 డిగ్రీల్లో 32 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) పట్టిన టైరు మధ్యాహ్నం హైవే మీద 65 డిగ్రీలకు వేడెక్కితే లోపలి ఒత్తిడి 38 దాకా పోతుంది. ఆ 38ని టైరు నవ్వుతూ మోస్తుంది, దాని లెక్కలోనే అది ఉంది. అదే టైరులో 24 పట్టి బయలుదేరితే పక్క గోడ ప్రతి చుట్టుకీ లోతుగా నలిగి, ఆ నలుగుడుకే వేడి పుట్టి, రబ్బరూ దారాలూ విడిపోతాయి. పేలేది ఇలా. బండి మాన్యువల్‌లోనో, చైను కవరు మీద అంటించిన కాగితం మీదో ఒక్కరికి ఎంత, ఇద్దరికి ఎంత అని రాసి ఉంటుంది. అంతే పట్టండి, బండి చల్లగా ఉన్నప్పుడు పట్టండి, దారిలో వేడెక్కిన టైరు నుంచి గాలి వదలకండి. టైరు మీద రాసి ఉండే గరిష్ఠ ఒత్తిడి పట్టాల్సిన కొలత కాదు. నైట్రోజన్‌కు డబ్బు పెట్టడం మీ ఇష్టం, మామూలు గాలిలో నూటికి 78 వంతులు నైట్రోజనే. ఆ డబ్బుతో జేబులో పట్టే గాలి మీటరు ఒకటి కొనుక్కుంటే ఎక్కువ లాభం.

కొత్త టైరు మీద మొదటి 150 కిలోమీటర్లు మెల్లగా నడపండి. పైన అచ్చు నుంచి వచ్చిన నున్నటి పొర ఉంటుంది, అది అరిగేదాకా పట్టు రాదు. అందుకే ప్రయాణం ముందురోజు సాయంత్రం టైర్లు మార్పించుకుని తెల్లారి తిరుమల ఘాట్ ఎక్కకండి. వారం ముందే వేయించుకుని ఊళ్లో తిప్పండి, గాలి దిగుతోందేమో కూడా ఆ వారంలో తెలుస్తుంది.

మా తరఫున మూడు మనవులు. దుకాణదారులు బిల్లు మీద టైరు సైజుతో పాటు బరువు సంఖ్య, వేగం అక్షరం, నాలుగంకెల తయారీ వారం కూడా రాసివ్వాలి. టైరులో లోపం తేలితే కంపెనీని అడగడానికి ఆధారం అదే. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కనుక, బిల్లు లేకుండా కొంటే చవక అన్న మాటకు ఇప్పుడు బలం కూడా తక్కువ. రెండోది, రోడ్డు పక్కన గీతలు కోసిన టైర్లు అమ్మేచోట్ల రవాణా శాఖ వారు తనిఖీలు చేయాలి. మూడోది, పెట్రోలు బంకుల్లో గాలి మీటర్లు ఒకచోట చూపింది మరోచోట చూపవు. ఒకే టైరుకి రెండు బంకుల్లో నాలుగైదు పీఎస్ఐ తేడా రావడం బండి ఉన్న ప్రతి ఒక్కరికీ అనుభవమే. పెట్రోలు కొలతను సరిచూసే తూనికలు కొలతల శాఖ అధికారులు వెళ్లినప్పుడే పక్కనున్న గాలి మీటరును కూడా సరిచూస్తే, ఈ ఉత్తరంలో చెప్పిన అంకెలకు అర్థం ఉంటుంది.

ఇట్లు,
టైర్ల పని చేసే కొందరం,
విజయవాడ